హెల్సింకిలో అమ్మానాన్నలతో నాలుగు రాత్రులు: స్టేషన్ దగ్గర హోటలా, దూరంగా అపార్ట్‌మెంటా?

ఉప్పాడ_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా చెల్లి ఫిన్లాండ్‌లోని తంపెరేలో మాస్టర్స్ పూర్తి చేస్తోంది. అమ్మానాన్నలను తీసుకుని జూన్ 18న హెల్సింకిలో దిగి, 22న తంపెరే రైలెక్కాలని అనుకుంటున్నాం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. నాన్నకు డెబ్బై దాటాయి, బీపీ మాత్రలు వేసుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారి.

ఊరి మధ్యలో మంచి హోటళ్లు చూస్తే రూముకు 150 నుంచి 200 యూరోల దాకా చెబుతున్నారు. మేం ముగ్గురం. అదే డబ్బుకు శివార్లలో వంటగదితో సహా అపార్ట్‌మెంట్ మొత్తం వస్తోంది. వంట చేసుకోవచ్చు కదా అని నాన్న, అంతదూరం నుంచి రోజూ వచ్చిపోవడం నావల్ల కాదని అమ్మ. అక్కడ ఉంటున్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. ఇంకో మాట, అడగడానికి మొహమాటంగానే ఉంది. అక్కడి బాత్రూముల్లో నీళ్ల సంగతేంటి? అమ్మ టెన్షనంతా దాని గురించే.

నల్లగొండ_బిడ్డ
అపార్ట్‌మెంటే తీసుకో అక్కా. మేం కోపెన్‌హాగెన్ పోయినప్పుడు అట్లనే ఉన్నం. పొద్దున పప్పు, అన్నం వండి డబ్బాల్లో పెట్టుకుని బయల్దేరేవాళ్లం. యూరప్‌ల బయట ముగ్గురు ఒక పూట కూర్చుని తింటే అరవై డెబ్బై యూరోలు చేతిలోంచి పోతయి. పెద్దవాళ్లకు మన తిండి లేకపోతే రెండో రోజే నీరసం వస్తది.

ఎస్పూ_వాసి
అమ్మగారి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. నిశ్చింతగా ఉండమనండి. యూరప్‌లో చాలా దేశాల్లో దొరకని సుఖం ఫిన్లాండ్‌లో దొరుకుతుంది. ఇక్కడ ఇళ్లలో, ఆఫీసుల్లో, హోటళ్లలో కమోడ్ పక్కనే చేతి షవర్ ఉంటుంది, అచ్చం మన జెట్ స్ప్రే లాంటిదే. చాలాచోట్ల దాన్ని వాష్‌బేసిన్ కుళాయికే కలిపి ఉంచుతారు. ముందు కుళాయి తిప్పి, నీళ్ల వేడి సరిచూసుకుని, తర్వాత స్ప్రే మీట నొక్కాలి. పని అయ్యాక కుళాయి కట్టేయాలి. ఇది తెలియక స్ప్రేలో నీళ్లు రావడం లేదని రిసెప్షన్‌కు ఫోన్ చేసేవాళ్లుంటారు. ఎక్కడైనా లేకపోవచ్చు కాబట్టి బుక్ చేసేముందు హోటల్‌కు ఒక మెయిల్ పెట్టి అడగండి, చక్కగా జవాబిస్తారు.

ఇక అసలు విషయం. నేను పని చేసేది, ఉండేది హెల్సింకి పక్క ఊరు ఎస్పూలో. మన తెలుగువాళ్లు చాలామంది ఇటువైపే ఉంటారు. ఇక్కడ సంసారానికి శివార్లే బాగుంటాయి. కానీ నాలుగు రోజుల కోసం పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది ఒకటే: రైల్వే స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో హోటల్ తీసుకోండి. విమానాశ్రయం నుంచి ఐ, పీ అని రెండు లోకల్ రైళ్లుంటాయి. ఏది ఎక్కినా అరగంటలో సెంట్రల్ స్టేషన్‌లో దిగుతారు. టికెట్ ఏ, బీ, సీ మూడు జోన్లకూ తీసుకోవాలి, మనిషికి నాలుగైదు యూరోలు. ట్యాక్సీ అయితే దానికి ఎన్నో రెట్లు. పైగా 2018లో ట్యాక్సీ చార్జీల మీద నియంత్రణ ఎత్తేశాక ఒక్కో కంపెనీది ఒక్కో రేటు, ఎక్కేముందే అడిగి ఎక్కాలి. 22న తంపెరే రైలు కూడా ఆ స్టేషన్ నుంచే కదా. ముగ్గురి సామాన్లతో శివారు నుంచి మళ్లీ స్టేషన్‌కు రావడం ఒకసారి ఊహించుకోండి.

స్టేషన్ పక్కనే చూడాలంటే మూడు పేర్లు చెబుతాను. స్కాండిక్ గ్రాండ్ సెంట్రల్: స్టేషన్‌కు ఆనుకుని ఉన్న పాత రైల్వే కార్యాలయ భవనాన్ని హోటల్‌గా మార్చి 2021లో తెరిచారు. స్టేషన్‌ను రూపొందించిన ఆర్కిటెక్ట్ ఎలియేల్ సారినెనే ఆ భవనాన్నీ రూపొందించాడు. సోకోస్ వాకునా: 1952 ఒలింపిక్స్ కోసం కట్టింది, స్టేషన్‌కు ఎదురుగా. అక్కడ టిఫిన్ పదో అంతస్తులో పెడతారు, ఊరి కప్పులన్నీ చూస్తూ తినొచ్చు. మూడోది హోటల్ ఆర్థర్, కాస్త సాదాగా ఉంటుంది, కాస్త తక్కువలో వస్తుంది. కంప్ అని 1887 నాటి పేరున్న హోటల్ ఎస్ప్లనాది వీధిలో ఉంది కానీ మీరు చెప్పిన బడ్జెట్‌లో రాదు.

శ్రావణ_మేఘం
ఎస్పూ_వాసి గారి మాటే నాదీ. మా అత్తగారిని తీసుకుని వెళ్లాం. ఆవిడా శాకాహారే. వెళ్లేముందు నాకూ తిండి గురించే దిగులు. తీరా చూస్తే హోటల్ టిఫినే మమ్మల్ని ఆదుకుంది. చాలా హోటళ్లలో అది రూము అద్దెలోనే కలిసి ఉంటుంది (ఉందో లేదో బుకింగ్‌లో సరిచూసుకోండి).

అమ్మగారికి ఏమేం పనికొస్తాయో చెబుతాను. వేడివేడి ఓట్స్ జావ, పేరు పూరో. రోజూ పెద్ద గిన్నెలో ఉంటుంది, పైన బ్లూబెర్రీలు, లింగన్‌బెర్రీలు (పుల్లటి చిన్న ఎర్ర పళ్లు) వేసుకోవచ్చు. కర్యలాన్‌పీరక్క అని అరచేతిలో పట్టేంత రొట్టె ఉంటుంది: రై (గోధుమలాంటి ధాన్యం) పిండితో పలచటి పైపొర, అంచులు వేళ్లతో నొక్కి కుచ్చిళ్లు పెట్టినట్టు, లోపల పాలల్లో మెత్తగా ఉడికించిన అన్నం. మా అత్తగారు మొదటి రోజు అనుమానంగా కొరికి, మర్నాటి నుంచి రెండేసి పెట్టుకున్నారు, పైన మా ఊరు నుంచి తెచ్చిన అల్లం పచ్చడితో. ఒక జాగ్రత్త: దాని పక్కన పసుపుపచ్చగా వెన్నలాంటిది పెడతారు. అందులో ఉడికించిన గుడ్డు కలుపుతారు. అది వద్దు. పీమా అని పుల్లటి మజ్జిగ ఉంటుంది, మన మజ్జిగ కన్నా చిక్కన. కాస్త నీళ్లు, ఉప్పు కలిపితే చాలు. పెరుగు, చీజ్, కీరా, టమాటా, ఉడికించిన బంగాళాదుంపలు ఎలాగూ ఉంటాయి. చేపల బల్ల వేరుగా ఉంటుంది, అటు వెళ్లకుండా ఉంటే సరి.

కాఫీ మాత్రం లేత రంగులో, పుల్లగా ఉంటుంది. తలసరి కాఫీ తాగడంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశం, కానీ మన డికాషన్ రుచి వేరు. మీ పొడి, చిన్న ఫిల్టర్ తీసుకెళ్లండి. రూములో కెటిల్ ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే రిసెప్షన్‌లో ఇస్తారేమో కనుక్కోండి. కుళాయి నీళ్లే తాగొచ్చు, సీసాలు కొనొద్దు. పైయన్నే సరస్సు నుంచి 120 కిలోమీటర్ల సొరంగంలో వచ్చే నీళ్లవి, చల్లగా తియ్యగా ఉంటాయి.

నల్లగొండ_బిడ్డ
పొద్దున సంగతి సరే అక్కా, మధ్యాహ్నం, రాత్రి ఏం తింటరు? రోజూ బ్రెడ్డేనా?

ఎస్పూ_వాసి
మంచి ప్రశ్న తమ్ముడూ. హెల్సింకిలో ఇండియన్ హోటళ్ల కన్నా నేపాలీ రెస్టారెంట్లు ఎక్కువ. పనిదినాల్లో 11 నుంచి రెండు మూడింటి దాకా లంచ్ ధర ఉంటుంది, రాత్రి ధర కన్నా చాలా తక్కువ. పప్పు, అన్నం, నాన్, ఆకుకూర పనీర్ దొరుకుతాయి. కారం తగ్గించే వండుతారు, మీరు చెబితే పెంచుతారు. స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కి రెండో స్టాపు హకనియేమిలో దిగితే ఆసియా కిరాణా కొట్లు కనిపిస్తాయి. మన బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి అన్నీ ఉంటాయి.

అయితే ఉప్పాడ_అమ్మాయి గారూ, మీ తేదీలు ఇప్పుడే సరిగ్గా చూశాను. ఇది అన్నిటికన్నా ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. జూన్ 20, 26 మధ్య వచ్చే శనివారం ఇక్కడ యుహానుస్, అంటే నడివేసవి పండుగ. అసలు సందడంతా దాని ముందు రోజు శుక్రవారం సాయంత్రమే. ఈ దేశానికి క్రిస్మస్ ఎంతో ఇది అంత. ఊళ్లో జనమంతా సరస్సుల ఒడ్డున ఉన్న వేసవి కుటీరాలకు వెళ్లిపోతారు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే అనుకోండి. శుక్రవారం మధ్యాహ్నానికే చాలా దుకాణాలు, రెస్టారెంట్లు మూసేస్తారు, శనివారం కూడా అంతే. మ్యూజియాలకు సెలవు. ట్రాములు, బస్సులు తగ్గిపోతాయి. క్యాలెండర్ చూసుకోండి, ఆ రెండు రోజులూ మీ నాలుగు రాత్రుల్లోనే పడుతున్నాయి.

శివారు అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఆ రెండు రోజులూ చుట్టుపక్కల మనిషి అలికిడి ఉండదు, కొట్టు తెరిచి ఉండదు, బస్సు ఎప్పుడొస్తుందో చూస్తూ నిలబడాలి. మధ్యలో ఉన్న హోటల్లో పండుగైనా టిఫిన్ పెడతారు, రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, పర్యాటకుల కోసం తెరిచి ఉంచే నాలుగైదు చోట్లు నడక దూరంలోనే ఉంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు ఆ వారాంతంలో ఉండరు కాబట్టి రేట్లు తరచూ దిగుతాయి. 150 దగ్గర చూపిస్తున్న రూము మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి.

ఉప్పాడ_అమ్మాయి
యుహానుస్ గురించి ఎవ్వరూ చెప్పలేదు! చెల్లి పరీక్షల హడావిడిలో ఉంది, దానికీ గుర్తు రాలేదు. చాలా థాంక్స్ అన్నయ్యా. తేదీలు మార్చుకోమంటారా?

ఎస్పూ_వాసి
అక్కర్లేదమ్మా. శుక్రవారం సాయంత్రం సెఉరసారి దీవిలో పెద్ద భోగిమంటలాగా కొక్కో వెలిగిస్తారు, జానపద నృత్యాలు ఉంటాయి. ఊళ్లోంచి బస్సులో వెళ్లొచ్చు, టికెట్ ముందే కొనాలి. అమ్మానాన్నలకు అంతకన్నా మంచి రోజు దొరకదు. శుక్రవారం పొద్దున్నే పళ్లు, పెరుగు, బ్రెడ్, బిస్కెట్లు కొని రూములో పెట్టుకోండి. అంతే.

రిటైర్డ్_మాస్టారు
అమ్మాయీ, నాకు అరవై ఎనిమిది. మా ఆవిడతో కలిసి వేసవిలో హెల్సింకి వెళ్లాం. వయసు మళ్లినవాళ్లకు ఏం అవసరమో పిల్లలకు తట్టని సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది వెలుతురు. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పదిన్నర దాటినా అస్తమించడు, తెల్లవారుజామున నాలుగింటికి ముందే ఉదయిస్తాడు. మధ్యలోనూ పూర్తి చీకటి ఉండదు. మాబోటివాళ్లకు నిద్ర అసలే తక్కువ, ఇక ఆ వెలుతురులో కన్ను మూతపడదు. హోటళ్లలో మందపాటి కర్టెన్లు ఉంటాయి కానీ మధ్యలో సందు మిగిలితే వెలుతురు సరిగ్గా మొహం మీదే పడుతుంది. నేను రెండు బట్టల క్లిప్పులతో ఆ సందు మూసేవాణ్ని. కళ్లకు కట్టుకునే నల్లగుడ్డ పట్టుకెళ్లండి. మాత్రల వేళలు గడియారం చూసే పాటించాలి, ఆకాశం చూసి కాదు. మా ఆవిడ వెలుగు చూసి ఇంకా సాయంత్రమే అనుకుని రాత్రి మాత్ర మరిచిపోబోయింది.

రెండోది మంచం. డబుల్ రూము అంటే రెండు సింగిల్ పరుపులు కలిపి వేస్తారు, దుప్పట్లు మాత్రం ఎవరిది వారికే. మాకు హాయిగానే ఉంది. మూడో మనిషికి వేసేది తరచూ సోఫా మంచమే, దాని మీద మోకాళ్ల నొప్పులున్న మనిషిని పడుకోబెట్టవద్దు, నువ్వు పడుకో. గదులు మన హోటళ్లంత విశాలంగా ఉండవు. మూడు పెద్ద సూట్‌కేసులు తెరిస్తే నడవడానికి దారి ఉండదు. బడ్జెట్ ఒప్పుకుంటే పక్కపక్కనే రెండు గదులు అడుగు.

మూడోది శబ్దం. మేం మొదట దిగిన చోట (పేరు వద్దు) గది కింద రాత్రి క్లబ్బు ఉంది. శుక్రవారం రాత్రి రెండింటి దాకా మంచం అదిరింది. మర్నాడు మర్యాదగా చెబితే లోపలి ఆవరణ వైపు గది మార్చారు, డబ్బు అడగలేదు. కాబట్టి బుక్ చేసేటప్పుడే ఆవరణ వైపు గది, పై అంతస్తు అని రాయి. ట్రాములు తెల్లవారుజామునే మొదలవుతాయి, వీధి వైపు గదిలో మలుపు దగ్గర చక్రాల కీచు వినిపిస్తుంది.

స్నానాల గది నేల తడిస్తే జారుతుంది. షవర్‌కు గట్టు ఉండదు, నీళ్లు నేలంతా పారతాయి. మూలన చిన్న వైపర్ ఉంటుంది, దానితో నీళ్లు లాగేయాలి. రబ్బరు చెప్పులు తప్పనిసరి. పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉన్న గది కావాలంటే ముందే చెప్పాలి, అలాంటి గదులు కొన్నే ఉంటాయి.

శ్రావణ_మేఘం
మాస్టారూ, మాత్రల సంగతి ఎంత బాగా చెప్పారు! మా అత్తగారి విషయంలో నాకు అస్సలు తట్టలేదు.

ఉప్పాడ_అమ్మాయి
మాస్టారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. సోఫా మంచం నీకే అని అమ్మ నాతో అప్పుడే తేల్చేసింది. ఇంకో రెండు సందేహాలు. హోటళ్లలో సౌనా (ఆవిరి స్నానం) అని ఉంటోంది, నాన్న సరదా పడుతున్నారు. బీపీ ఉన్నవాళ్లు వెళ్లొచ్చా? రెండోది, అమ్మ నెయ్యి, సున్నుండలు, పచ్చళ్లు, కరివేపాకు అన్నీ సర్దుతోంది. రానిస్తారా?

చలికాలపు_బాటసారి
సౌనా గురించి నేను చెబుతాను. ఆఫీసు పని మీద తరచూ వెళ్తుంటాను, సాయంత్రం సౌనా లేకుండా హోటల్ తీసుకోను. లోపల ఎనభై, తొంభై డిగ్రీల వేడి. రాళ్ల మీద నీళ్లు చల్లితే ఆవిరి ఒక్కసారిగా చెవులకు, భుజాలకు తగులుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవారు ముందు తమ డాక్టర్‌ను అడగాలి, ఇది మాత్రం మొహమాటానికి వదిలేయొద్దు. డాక్టర్ సరే అంటే కింది బెంచీ మీద కూర్చోవాలి, అక్కడ వేడి తక్కువ. కాసేపు కూర్చుని బయటికొచ్చి నీళ్లు తాగాలి. ఒంటరిగా పంపొద్దు.

హోటల్ సౌనాలో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు గదులో, వేరువేరు వేళలో ఉంటాయి. ముందు స్నానం చేసి లోపలికి వెళ్తారు, బట్టలు వేసుకోరు, కింద చిన్న తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు. ఎవరూ ఎవర్నీ చూడరు. తువ్వాలు చుట్టుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఇదంతా ఇబ్బంది అనిపిస్తే ఓడరేవు దగ్గర ఆల్లస్, సముద్రం ఒడ్డున లోయ్లు అని అందరూ వెళ్లే సౌనాలు రెండున్నాయి, రెండూ 2016లో తెరిచినవి. లోయ్లులో ఈత దుస్తులతోనే వెళ్లాలి, కుటుంబం మొత్తం కలిసి కూర్చోవచ్చు. ఇక్కడివాళ్లకు ఇది విలాసం కాదు. యాభై ఐదు లక్షల జనాభాకు ముప్ఫై లక్షల దాకా సౌనాలున్న దేశం, 2020లో యునెస్కో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. మీ నాన్నగారు సరదా పడటంలో తప్పేమీ లేదు.

మోడరేటర్_2
తినుబండారాల గురించి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తేవడానికి వీల్లేదు. నెయ్యి, పాలకోవా వద్దు. నెయ్యితో చేసిన సున్నుండలు కూడా ఇంట్లోనే ఉంచడం మేలు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు కాబట్టి అదీ వద్దు. ఆవకాయ, పొడులు, మురుకులు, అటుకులు గట్టిగా సీల్ చేసి తీసుకెళ్లండి. అలాగే షెంగెన్ వీసాకు అన్ని రాత్రులకూ బస చూపించాలి, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా ఉండాలి. వీసా చేతికొచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే రూములే బుక్ చేయండి.

గుంటూరు_గోపి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు నవంబర్ చివర్లో ఆఫీసు పని ఉంది. అప్పుడు కూడా స్టేషన్ దగ్గరే మంచిదా?

చలికాలపు_బాటసారి
అప్పుడే ఇంకా మంచిది గోపీ. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. స్టేషన్ నుంచి కంప్పి షాపింగ్ సెంటర్ దాకా నేల కింద దారుల్లోనే చాలావరకు నడవొచ్చు. అలెక్సాంతెరిన్‌కతు లాంటి కొన్ని వీధుల్లో రాళ్ల కింద వేడినీళ్ల గొట్టాలు ఉంటాయి, అక్కడ మంచు పేరుకోదు. మిగతా చోట్ల గరుకు అట్ట ఉన్న బూట్లు లేకుండా అడుగు వేయొద్దు. ఒక్కటి చూసుకో: ఆ రోజుల్లోనే స్లష్ అనే స్టార్టప్‌ల సభ జరుగుతుంది. ఆ తేదీలు కలిస్తే రూములు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి.

నల్లగొండ_బిడ్డ
యుహానుస్ సంగతి తెలిశాక నేను కూడా హోటలే అంటున్న. పండుగ పూట పెద్దవాళ్లను దూరంగ పెట్టుడు కరెక్ట్ కాదు. కానీ వారం మించి ఉండేటోళ్లకు, చిన్నపిల్లలున్నోళ్లకు నా ఓటు ఇంకా అపార్ట్‌మెంట్‌కే.

ఎస్పూ_వాసి
వారం మించితే నేనూ అదే అంటాను తమ్ముడూ.

ఉప్పాడ_అమ్మాయి
బుక్ చేసేశాం! స్టేషన్‌కు ఎదురుగా, ఆవరణ వైపు, పక్కపక్కనే రెండు రూములు. పండుగ వారాంతం కాబట్టి రెండూ కలిపి నేను భయపడినంత కాలేదు. జెట్ స్ప్రే ఉందా అని మెయిల్ పెట్టాను, ప్రతి బాత్రూములోనూ ఉందని రాశారు. అమ్మ మొహం వెలిగిపోయింది. నాన్న డాక్టర్ దగ్గరికి వచ్చే వారం వెళ్తున్నారు. చివరి ప్రశ్న: 22న చెకౌట్ 12కే, చెల్లి మాత్రం సాయంత్రం రైలే ఎక్కమంటోంది. సామాన్లు ఏం చేయాలి?

ఎస్పూ_వాసి
రిసెప్షన్‌లో చెబితే సామాన్ల గదిలో పెట్టుకుంటారు, ఇక్కడ అది మామూలే. ముఖ్యమైనవి, మాత్రలు, పాస్‌పోర్టులు మీ దగ్గరే ఉంచుకోండి. తర్వాత స్టేషన్ వెనకవైపు ఓది గ్రంథాలయానికి వెళ్లండి, 2018 డిసెంబర్‌లో తెరిచారు. లోపలికి డబ్బులక్కర్లేదు, లిఫ్టు ఉంది, పైన కూర్చోవడానికి మెత్తటి కుర్చీలు, కింద కాఫీ, శుభ్రమైన బాత్రూములు. నాన్నగారు కిటికీ దగ్గర కునుకు తీసినా ఎవరూ లేపరు. తంపెరేకు గంటన్నర పైచిలుకు ప్రయాణం, రైళ్లు తరచూ ఉంటాయి. టికెట్ ఇప్పుడే కొంటే తక్కువలో వస్తుంది, ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది. పండుగ నుంచి తిరిగొచ్చే జనం ఉంటారు కాబట్టి ముగ్గురికీ పక్కపక్క సీట్లు ఇవాళే తీసేసుకోండి.